పాత లారీ గుద్దుకున్నాక దానికి డోరు, మడ్‌గార్డు వెతుక్కోవడం

నలిగిన రేకును మేస్త్రి కోసి పారేస్తానంటే ఒప్పుకోవద్దు. ఎంత ముద్దయినా, కొత్తది బండికి ఎక్కేదాకా మీకు కొలత అదే.

బీమా సర్వేయర్ చూసి ఫొటోలు తీసుకునేదాకా ఏదీ విప్పొద్దు. బీమా పాలసీలో ఐఎంటీ 23 అనే అదనపు కవర్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే మడ్‌గార్డులు, బంపరు, హెడ్‌లైట్లు, బానెట్ పక్క రేకులు, దెబ్బతిన్న చోట పెయింటు, వీటికి పైసా రాదు, బండి మొత్తం పోతే తప్ప. అది ఉన్నా సగం మన నెత్తినే. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు కింద కూడా కోసేస్తారు. అందుకే చాలామంది సెకండ్‌హ్యాండ్ సామానుకే మొగ్గుతారు.

ఇక క్యాబిన్ ఎవరు కట్టారో తేల్చుకోండి. పాత లారీలు చాలావాటికి కంపెనీ ఛాసిస్, ముందు ముఖం మాత్రమే ఇచ్చేది; వెనకదంతా బాడీ బిల్డర్ పని. అలాంటి డోరు ఏ కొట్టులోనూ దొరకదు, కట్టించుకోవాల్సిందే. బానెట్, గ్రిల్, ముందు మడ్‌గార్డు మాత్రం వెతకొచ్చు. టాటా 407 లాంటి కంపెనీ క్యాబిన్ అయితే మోడల్, సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి అడగండి.

డోరుకు కబ్జాల బోల్టు రంధ్రాల మధ్య దూరం, కబ్జా నుంచి లాక్ దాకా దూరం, అద్దం కొలత రాసుకోండి. తర్వాత డోరు పట్టే చట్రాన్ని మూలకు మూల టేపుతో కొలిచి, దెబ్బతగలని వైపు చట్రంతో పోల్చండి. 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే క్యాబినే మెలిపడింది. ముందు దాన్ని లాగించాలి. లేకపోతే ఎంత మంచి డోరు తెచ్చినా మూసుకోదు.

ఉత్తరాంధ్రలో అయితే శ్రీకాకుళం, విజయనగరం స్క్రాప్ కొట్లు చూశాక గాజువాక ఆటోనగర్, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్. అంత దూరం పోయే ముందు టేపు ఆనించి తీసిన ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. సామాను ఏ బండి నుంచి తీశారో నంబరుతో సహా బిల్లు మీద రాయించుకోండి.

కొట్టులో గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకంతా తిప్పండి. పట్టు సడలిన చోట లప్పం దట్టంగా ఉన్నట్టే. డోరు కింది మడతను స్క్రూడ్రైవర్‌తో పొడవండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తిరిగిన బండి డోరు పైకి మెరుస్తూ లోపల పొడి రాలుతుంది. డూప్లికేట్ కొంటుంటే మీ పాత రేకు రంగు గీకి వెర్నియర్‌తో మందం చూసి పోల్చండి: 18 గేజ్ సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ 0.9.

బిగించేటప్పుడు ముందు బోల్టులతో వేలాడదీసి, మూసి తెరిచి, సందు చుట్టూ సమంగా వచ్చాకే వెల్డింగ్. దానికి ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. ఒకేచోట వెల్డింగ్ గీత లాగితే రేకు ఉబ్బుతుంది. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వేయించండి. లోపలి వైపు ప్రైమర్ ముందే కొట్టించాలి. డోరు అడుగున నీళ్లు కారే రంధ్రాలను మాత్రం లప్పంతో పూడ్చనివ్వకండి, తొలి వానాకాలానికే తుప్పు మొదలయ్యేది అక్కడే.