శీతాకాలపు సైకిల్ ప్రయాణం: పబ్ భోజనానికి ముందు, ఆ తర్వాత పాటించవలసిన జాగ్రత్తలు

ఇంగ్లండులోని సైకిల్ క్లబ్బులు చలికాలంలో కూడా ఆదివారం పూట గుంపుగా బయలుదేరి, దారిలోని పల్లెటూరి పబ్బులో భోంచేసి తిరిగి వస్తుంటాయి. లండన్ చుట్టుపక్కల ఉంటూ ఈ క్లబ్బుల్లో కొత్తగా చేరిన మనవాళ్ళు ముందుగా గ్రహించవలసింది, ఎక్కువ జాగ్రత్త కావలసినది తిరుగు ప్రయాణానికేనని. డిసెంబరు మధ్యలో అక్కడ సాయంత్రం 4 గంటలు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది కనుక, పబ్బు నుంచి ఎన్నింటికి లేవాలో ముందే నిర్ణయించుకోవాలి. అలాగని తెల్లవారకముందే బయలుదేరితే రోడ్డు మీది మంచు కరగదు. అందుచేత చలికాలంలో దూరాన్ని తగ్గించుకోవడమే సరైన పని.

లండనుకు దక్షిణాన ఉన్న సర్రే కొండల్లో, డార్కింగ్ ఊరి నుంచి లీత్ హిల్ వైపు వెళ్ళే సన్నని దారుల మీద చెట్ల నీడ దట్టంగా ఉంటుంది. వాతావరణ సూచనలో 3 డిగ్రీలని ఉన్నా, ఎండ తగలని మలుపుల్లోనూ, పొలాల నీరు రోడ్డుకు అడ్డంగా పారే చోట్లా కంటికి ఆనని మంచుపొర, అంటే బ్లాక్ ఐస్, ఉండవచ్చు. దాని మీదికి వచ్చామని తెలిస్తే బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా సాగిపోవాలి. ముందువారికీ మనకూ మధ్య వేసవిలో కంటే ఎక్కువ ఎడం ఉండాలి. వెనుక మడ్‌గార్డు లేకుండా గుంపులోకి రావడం తోటివారి ముఖాన బురద చల్లడమే.

రోడ్డు పక్క ముళ్ళపొదల కంచెలు కత్తిరించే కాలం కనుక రోడ్డు మీద ముళ్ళు రాలి ఉంటాయి. పంక్చరైనప్పుడు తొందరపడి కొత్త ట్యూబు ఎక్కించకుండా, టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి, విరిగి మిగిలిన ముల్లు మొనను తీసివేయాలి. లేకపోతే ఆ ట్యూబూ దక్కదు, ఈలోగా పదిమందీ చలిలో నిలబడవలసి వస్తుంది.

పబ్బుకు ముందే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో చెప్పాలి. శాకాహారులు గ్రేవీలో మాంసరసం ఉందేమో అడగాలి. కూర్చోగానే తడిసిన లోపలి బనియను మార్చుకోవడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే చెమట ఆరని బట్టతో గంటసేపు కూర్చుని బయటికి వస్తే పుట్టే వణుకు అంత త్వరగా తగ్గదు. బీరు తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టే అనిపిస్తుంది గాని, చర్మంలోకి రక్తం ఎక్కువగా చేరి శరీరం నిజానికి వేడిని కోల్పోతుంది. పైగా 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం మద్యం మత్తులో సైకిల్ తొక్కడం నేరం. తిరుగు ప్రయాణం పూర్తయ్యేదాకా తాగకపోవడమే మేలు.

చీకటి పడ్డాక ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, ఎర్ర రిఫ్లెక్టరు చట్టరీత్యా తప్పనిసరి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి అదనంగా ఇంకో దీపం వెంట ఉంచుకోవాలి. ఎవరైనా వణుకు ఆగక మాట తడబడుతుంటే వారిని సైకిల్ ఎక్కనివ్వకుండా, ఒకరు తోడుండి రైల్లో పంపాలి. ఆదివారాల్లో పట్టాల మరమ్మతుల వల్ల కొన్నిచోట్ల రైళ్ళకు బదులు బస్సులు నడుపుతారు, వాటిలో సాధారణంగా సైకిళ్ళను ఎక్కించుకోరు. అందుకని ఆ రోజు రైళ్ళ వేళలను ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరాలి.