కాలిఫోర్నియాలో ఆర్ట్ విద్యార్థులు బదిలీ దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి

కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కళాశాల) నుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారేవారు అక్టోబరు 1 నుంచి దరఖాస్తు సమర్పించవచ్చు. అంతకు ముందే ఇవి చూసుకోండి.

– అసిస్ట్ వెబ్‌సైటులో మీ కాలేజీ, చేరదలచిన క్యాంపస్, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుని ఏ కోర్సు దేనికి సమానమో సరిచూడండి. డ్రాయింగ్, డిజైన్, కళాచరిత్ర తరగతులు అన్ని చోట్లా ఒకేలా లెక్కకు రావు. యూనిట్లు (కోర్సుకు వచ్చే క్రెడిట్లు) బదిలీ అయినా మేజర్‌కు పనికిరాకపోతే, అదే కోర్సును విశ్వవిద్యాలయపు ఫీజుతో మళ్లీ చదవాలి. దీన్ని మించిన నష్టం లేదు.

– పోర్ట్‌ఫోలియో (మీ కళాకృతుల నమూనాలు) గడువు విడిగా రాసుకోండి. యూసీఎల్‌ఏ (లాస్ ఏంజిలిస్ క్యాంపస్) ఆర్ట్ విభాగం దరఖాస్తుతో పాటు దాన్నీ అడుగుతుంది.

– బొమ్మ పూర్తయిన వారంలోనే ఫోటో తీయండి. బొగ్గు చెరుగుతుంది, మట్టి బొమ్మ విరుగుతుంది. అద్దం బిగించకముందే, కిటికీ వెలుతురులో తీస్తే మెరుపులు పడవు. తరగతి అభ్యాసాలతో పాటు మీరు సొంతంగా వేసినవీ దాచుకోండి. మీ చూపు తెలిసేది వాటిలోనే.

– ఒకే సెమిస్టరులో మూడు స్టూడియో తరగతులు వద్దు. మూడు యూనిట్ల తరగతికి సాధారణంగా వారానికి ఆరు గంటలు స్టూడియోలోనే గడుస్తాయి.

– హామీ ప్రవేశం (నిర్ణీత అర్హతలుంటే ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం చేసే ఒప్పందం) కోరేవారికి దాని విడి దరఖాస్తు గడువు సెప్టెంబరే. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో క్యాంపస్‌లకు ఆ సదుపాయం లేదు.