పురుగుమందు కొట్టే కూలీలకు శిక్షణ: మొదటి ట్యాంకు రంగునీళ్లే

చేలో పురుగుమందు కొట్టే మనిషి ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటాడు, కాళ్లకు మాత్రం చెప్పులు కూడా ఉండవు. ఘాటు వాసనంటే భయం, వీపు తడిస్తే పట్టదు. నిజానికి పిచికారీ పనిలో మందు ఒంట్లోకి ఎక్కువగా చేరేది చర్మం గుండానే. కూలీలకు శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు మార్చాల్సింది ఈ భ్రమనే. ఇది పోతే గ్లౌజులు ఎందుకు వేసుకోవాలో, సబ్బు ఎందుకు దగ్గర పెట్టుకోవాలో విడిగా బతిమాలి చెప్పక్కర్లేదు.

శిక్షణ ఇప్పించడం ఎవరో దయతలచి చేసే పని కాదు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనల్లో 42వది దీని గురించే. పురుగుమందుల తయారీదారులు, పంపిణీదారులు, మందు కొట్టే పని చేయించే ఆపరేటర్లు పనివాళ్లకు జాగ్రత్తలు పాటించడంలో, రక్షణ సామగ్రి వాడటంలో తగిన శిక్షణ ఏర్పాటు చేయాలంటుంది. రక్షణ దుస్తుల సంగతి 39వ నిబంధనలో ఉంది. అయితే ఎన్ని గంటలు చెప్పాలి, ఏయే పాఠాలు చెప్పాలి అన్న వివరం 42వ నిబంధనలో లేదు. అందుకే చాలాచోట్ల శిక్షణ అంటే ఒక ఫొటో, ఒక సంతకం, ఒక టోపీతో అయిపోతోంది. కింద రాసింది ఒక పూటలో, పొలం గట్టున, పది పదిహేను మందితో చేయదగ్గ పని.

ఎవరిని కూర్చోబెట్టాలి

పంపు మోసేవాళ్లను మాత్రమే పిలిస్తే సగం పనే అయినట్టు. నీళ్లు మోసి పోసేవాళ్లు, డబ్బా మూత తీసి కలిపేవాళ్లు, మర్నాడు అదే చేలో కలుపు తీసే ఆడవాళ్లు, సాయంత్రం ఆ బట్టలు ఉతికేవాళ్లు అందరూ రావాలి. వీళ్లలో చిక్కటి మందుకు దగ్గరగా ఉండేది కలిపే మనిషి. ట్యాంకులో ఉన్నది పలచన చేసిన నీళ్లు, చేతిలో ఉన్నది అసలు మందు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను, గర్భిణులను, పాలిచ్చే తల్లులను, చేతుల మీద పుండ్లో కోతలో ఉన్నవాళ్లను మందు పనికి పెట్టకూడదన్నది అక్కడే మేస్త్రి చెవిన వేయండి. మనిషి తక్కువైన రోజున ఆ మాట గుర్తుకు రావాల్సింది ఆయనకే.

రంగునీళ్ల పాఠం

ఉపన్యాసం మొదలుపెట్టకముందే ఇది చేయించండి. ఇంతవరకు మందు పోయని కొత్త పంపు తీసుకోండి. అందులో మంచినీళ్లు పోసి, బట్టలకు పెట్టే నీలిమందు ముదురుగా కలపండి. ఒకరికి పాత తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తొడగండి. ఏమీ నేర్పకుండా, రోజూ కొట్టినట్టే రెండు సాళ్లు కొట్టి రమ్మనండి.

తిరిగి వచ్చాక అందరి ముందు నిలబెట్టి చూపించండి. మోకాళ్ల కింద ప్యాంటు నీలంగా ఉంటుంది, ఎందుకంటే తను కొట్టిన మొక్కల్లోకే తను నడిచాడు. ట్యాంకు మూత సరిగ్గా బిగియకపోతే నడుము దగ్గర అరచేయంత మరక ఉంటుంది. కుడి అరచేతిలో, ట్రిగ్గర్ కారిన చోట, వేళ్ల సందుల్లో రంగు. చెమట తుడుచుకుని ఉంటే నుదుటి మీద కూడా. ఆ నడుము మరక దగ్గర కాసేపు ఆగండి. అక్కడ కారింది కిందికి, గజ్జల వైపే దిగుతుంది.

గజ్జల సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి. పారాథియాన్ అనే మందుతో మనుషుల చర్మం మీద చేసిన పరీక్షల్లో, ముంజేయి పీల్చుకున్నదాన్ని ఒక వంతు అనుకుంటే అరచేయి 1.3 వంతులు, నుదురు 4.2, చెవి రంధ్రం 5.4, వృషణాల చర్మం 11.8 వంతులు పీల్చుకుంది. గ్లౌజు తీయకుండా మూత్రానికి వెళ్లే అలవాటు ఎంత ప్రమాదమో ఈ అంకె ఒక్కటే చెబుతుంది. చేతులు కడుక్కోవాల్సింది పోయి వచ్చాక మాత్రమే కాదు, వెళ్లకముందు కూడా.

డబ్బా మీద గుర్తు

చదువు రాని మనిషికీ ఉపయోగపడేలా డబ్బా మీద ఒక గుర్తు ముద్రిస్తారు. మూల మీద నిలబెట్టిన చతురస్రం, అందులో కింది త్రికోణంలో రంగు. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. లెక్క ప్రకారం, నోటి ద్వారా ఇచ్చినప్పుడు ప్రయోగశాల జంతువుల్లో సగం చనిపోయే మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ.

రంగు మొత్తం కథ చెప్పదు. పారాక్వాట్ గడ్డిమందుకు ఉన్నది పసుపు గుర్తే, కానీ దానికి విరుగుడు మందు లేదు. ఆకుపచ్చ గుర్తున్నది కూడా కంట్లో పడితే కన్ను మండుతుంది. డబ్బాతోపాటు వచ్చే కరపత్రాన్ని దుకాణంలోనే వదిలేయకుండా తెచ్చుకోవాలి. విషం సోకితే కనిపించే లక్షణాలు, విరుగుడు, ఏ పంటకు ఎంత మోతాదు, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. చదవగలిగినవాళ్లు ఒకరు బిగ్గరగా చదవాలి.

ఒంటి మీద ఏముండాలి

పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, మడమ పైదాకా వచ్చే రబ్బరు బూట్లు, కళ్లజోడు, టోపీ, నైట్రైల్ అనే రబ్బరు రకం గ్లౌజులు. ఆసుపత్రిలో వాడే పలచని గ్లౌజు పనికిరాదు, చిరిగినట్టు కూడా తెలియదు. ఊలు గ్లౌజు మందును పీల్చుకుని చేతికి పట్టు వేసినట్టు ఉంచుతుంది, అంతకంటే ఉత్త చేతులే నయం. రోజూ వేసుకునేముందు గ్లౌజులో నీళ్లు నింపి పిండి చూడాలి. చుక్క కారినా పారేయాలి.

ప్యాంటు అంచు బూటు పైన ఉండాలి, బూటులోకి దోపకూడదు. దోపితే కారిన మందంతా బూటులో చేరి సాయంత్రం దాకా పాదం నానుతుంది. పైరు మోకాలెత్తున ఉంటే చొక్కా చేయి గ్లౌజు మీదికి రావాలి. చేతులు పైకెత్తి చెట్లకు కొట్టేటప్పుడు తిరగేయాలి: గ్లౌజు చొక్కా మీదికి, అంచు ఒక మడత వేసి.

ముక్కుకు కట్టే తువ్వాలు, పలచని మాస్కు ఆవిరిని ఆపలేవు. తువ్వాలు తడిస్తే మందు ముద్దను ముఖానికి కట్టుకున్నట్టే. కరపత్రంలో శ్వాస పరికరం వాడమని ఉంటే, రసాయన ఆవిరిని పీల్చుకునే డబ్బీ (కార్ట్రిడ్జ్) ఉన్న రెస్పిరేటర్, అంటే ముఖానికి అతుక్కునే మాస్కు కావాలి. గడ్డం ఉన్నవాళ్లకు అది ముఖానికి అతుక్కోదు. తొడిగాక మందు వాసన తగిలితే కార్ట్రిడ్జ్ పని అయిపోయినట్టే.

పంపు, కలపడం

మందు పోయకముందు ఉత్త నీళ్లతో పంపు ఆడించి చూడాలి. మూత వాషర్, గొట్టం కలిసే చోటు, ట్రిగ్గర్, నాజిల్. ఈ నాలుగు చోట్లే కారుతుంది. నిండు ట్యాంకును పక్కకు వంచితే మూత దగ్గర చుక్క రాకూడదు. వాషర్ చిన్న వస్తువే, దాని బదులు పాలిథిన్ ముక్క పెట్టి బిగించే తెలివితేటలు మాత్రం మానిపించాలి.

మోతాదు లెక్క చేత్తో చేయించండి. 16 లీటర్ల ట్యాంకు నీళ్లు కొడితే ఎంత మేర వచ్చిందో కొలవండి. పది సెంట్లు, అంటే నాలుగు గుంటలు వస్తే ఎకరాకు పది ట్యాంకులు. కరపత్రంలో ఎకరాకు 250 మిల్లీలీటర్లని ఉంటే ట్యాంకుకు 25. రెండు మూతలు, ఒక మూత అన్న లెక్క వద్దు, మూతలన్నీ ఒక సైజు కావు. పురుగు చావలేదని మోతాదు పెంచడం, దుకాణంలో చెప్పారని మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలపడం అలవాటైపోయింది. అలా కలిపితే మనిషికి విషం సోకినప్పుడు దేనికి వైద్యం చేయాలో డాక్టరుకూ తేలదు.

ట్యాంకులో సగం నీళ్లు పోసి, కొలిచిన మందు వేసి, మిగతా నీళ్లు పోయాలి. డబ్బాను కళ్లెత్తున పట్టుకోకూడదు, నడుము కంటే కింద పెట్టి గాలికి వీపు తిప్పి ఒంపాలి. కలిపేది చేత్తో కాదు, దానికే కేటాయించిన కర్రతో. నీళ్లు తెచ్చే బిందె, మందు కలిపే బకెట్ ఎప్పటికీ వేరు.

చేలో

ఎండ ముదరకముందు కొట్టాలి, ఆకు కదిలేంత పలచటి గాలి ఉన్నప్పుడు. గాలి బొత్తిగా స్తంభించిన వేళ మంచిదనుకుంటారు. అప్పుడు సన్నటి తుంపర కిందికి దిగకుండా మనిషి చుట్టూనే వేలాడుతుంది. గాలి పోయే వైపు గట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సాలు వదులుతూ గాలి వచ్చే వైపుకు జరగాలి. అప్పుడు కొట్టిన సాలు వెనక మిగులుతుంది, దాన్ని రాసుకుంటూ నడవక్కర్లేదు.

పైరు మనిషి ఎత్తు దాటితే పని మారిపోతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టినవాళ్లలో పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు అక్కడ పత్తి మనిషెత్తు పెరిగింది. నాజిల్ పైకెత్తి కొడితే తుంపర తిరిగి ముఖం మీదికే రాలుతుంది. అలాంటి చేలో మామూలు బట్టలతో ఎవరినీ దించకూడదు, ఒక్కరినే అసలు పంపకూడదు.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం అందరికీ తెలిసిన తప్పు, అందరూ చేసేదే. వద్దంటే ఆగదు, చేతిలో వేరేది ఉంటేనే ఆగుతుంది. ఒక పాత పళ్ల బ్రష్షును, ఒక అదనపు నాజిల్‌ను పంపు పట్టీకే కట్టి ఉంచండి. బీడీ, గుట్కా, తాంబూలం కూడా నోటికి మందు చేర్చే దారులే. సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా.

ఒంట్లో తేడా వస్తే

శిక్షణలో తొందరపడకూడని చోటు ఇది. తలనొప్పి, కళ్లు తిరగడం, చెమట, వాంతి వడదెబ్బలోనూ వస్తాయి. అందుకే చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి వదిలేస్తారు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ అనే రకాల పురుగుమందులు సోకితే మరికొన్ని కనిపిస్తాయి: నోటి వెంట చొంగ, కళ్లలో నీళ్లు, కంటిపాప సూదిమొనంత కుంచించుకుపోవడం, కండరాలు అదరడం, ఛాతీ పట్టేసి ఊపిరి బరువవడం. నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమ్ పనిచేయక, గ్రంథులు, కండరాలు అదుపు తప్పి ఆడుతుంటాయి. చేలో బాగానే ఉన్న మనిషికి ఇంటికెళ్లాక రాత్రి కూడా రావచ్చు. అనుమానం ఉంటే విషమనే అనుకోవాలి.

ముందు మనిషిని చేలోంచి బయటికి తేవాలి. తెచ్చేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. తడిసిన బట్టలన్నీ విప్పి, సబ్బుతో ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని పదిహేను నిమిషాలు మంచినీళ్లు ధారగా పోయాలి. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

వాంతి చేయించకూడదు. చాలా మందుల్లో నూనె లాంటి ద్రావకాలుంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. పాలు, నెయ్యి, చింతపండు నీళ్లు, నిమ్మరసం ఏవీ విరుగుడు కావు. ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడుగా ఉన్న అట్రోపిన్ అనే మందును ఆసుపత్రిలో డాక్టరు ఎక్కించాల్సిందే. డబ్బా, కరపత్రం వెంట తీసుకెళ్లాలి. పారాక్వాట్ గుటకైనా కడుపులోకి పోతే, మనిషి లేచి తిరుగుతున్నా ఆ గంటలోనే ఆసుపత్రికి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు తెలిసేది రోజుల తర్వాత.

పైరెత్రాయిడ్ మందులతో ముఖం చురచురమని మండుతుంది, చెమట పడితే ఎక్కువవుతుంది. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది, కానీ ముఖానికి మందు తగిలిందనడానికి అది సాక్ష్యం. టోపీ, కళ్లజోడు ఎలా పెట్టుకుంటున్నారో అప్పుడు మళ్లీ చూడాలి.

పని ముగిశాక

ఖాళీ డబ్బాలో నాలుగో వంతు నీళ్లు పోసి, అర నిమిషం గిలకొట్టి, ఆ నీళ్లు ట్యాంకులోనే ఒంపాలి. ఇలా మూడుసార్లు. తర్వాత డబ్బాకు చిల్లులు పొడిచి నలగ్గొట్టాలి, ఇళ్లకూ నీళ్లకూ దూరంగా పాతాలి. చిల్లు పొడవని డబ్బా వారంలో కిరోసిన్‌కో మంచినీళ్లకో ఇంట్లోకి చేరుతుంది. పంపు కడిగిన నీళ్లు కాలవలో వదలకూడదు, కొట్టిన చేలోనే కొట్టేయాలి.

గ్లౌజులు చేతికి ఉండగానే సబ్బుతో కడిగి అప్పుడు తీయాలి. ఇంటికి వెళ్లగానే పిల్లల్ని ఎత్తుకోకముందు స్నానం. మందు బట్టలు వేరే బకెట్లో, మిగతా వాటితో కలపకుండా ఉతకాలి, ఉతికేవాళ్లకూ గ్లౌజులు కావాలి. చిక్కటి మందు ఒలికిన చొక్కాను ఉతకొద్దు, పారేయండి. కొట్టిన చేలోకి ఎప్పుడు దిగవచ్చో కరపత్రంలో లేకపోతే కనీసం 24 గంటలు ఎవరినీ దించకండి, గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టండి.

చివర్లో హాజరు పుస్తకంలో పేరు, తేదీ రాసేముందు ఒక్కొక్కరి చేత గ్లౌజు పరీక్ష, మూత బిగింపు, 25 మిల్లీలీటర్ల కొలత చేయించి చూడండి. తర్వాత అదే తెల్ల చొక్కా ఉతికి తొడిగి, అదే మనిషిని మళ్లీ రెండు సాళ్లు కొట్టి రమ్మనండి. నడుము మీద మరక ఇంకా ఉంటే వాషర్ మార్చి, మూడోసారి పంపండి.