అర్థంకాని నాటకాన్ని చూడడం ఎలా?

హైదరాబాదులో ప్రయోగాత్మక నాటకానికి వెళ్లేవారు ముందుగా ప్రదర్శన స్థలం ఏదో చూసుకోవాలి. రవీంద్రభారతి వంటి పెద్ద మందిరంలో కాస్త ఆలస్యమైనా చీకట్లో ఒక మూల సర్దుకోవచ్చు. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి చిన్న ఆరుబయటి ప్రాంగణంలో మాత్రం ఆలస్యంగా వచ్చినవారు తామే ఒక పాత్రగా మారిపోతారు. అక్కడికి పావుగంట ముందే చేరడం మంచిది. చివరిదాకా కూర్చోగలమో లేదో అన్న సందేహం ఉంటే వరుస చివరి కుర్చీని ఎంచుకోవాలి.

కథ తెలియడం లేదన్న కంగారు ఎవరికైనా కలిగేదే. అయితే హరిశ్చంద్ర నాటకానికి వెళ్లిన మన పెద్దలకు కథ ముందే కంఠతా వచ్చు. కాటిసీనులో ఆ నటుడు పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో, రాగాన్ని ఎంతసేపు నిలుపుతాడో వినడానికే వారు రాత్రంతా మేలుకుని, నచ్చితే వన్స్‌మోర్ కొట్టేవారు. తర్వాత ఏం జరుగుతుందన్న ప్రశ్నను పక్కన పెట్టి, జరుగుతున్నది ఎలా జరుగుతోందో చూడడమే ఇక్కడా చేయవలసిన పని. ఒక్క వన్స్‌మోర్ మాత్రం పనికిరాదు.

అందుకు పట్టుకోదగిన ఆధారం పునరావృతి. ఒక నటి నీళ్ల బిందెను చంకనెత్తుకుని వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిందనుకుందాం. మొదటిసారి నీళ్లు తొణికిన చప్పుడు వినిపిస్తుంది. రెండోసారి బిందె ఖాళీదే అయినా నడుము అలాగే ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మూడోసారి బిందే ఉండదు, చేయి మాత్రం దాన్ని చుట్టుకున్నట్టే వంగి ఉంటుంది. ఈ తేడాలు పట్టుకున్నవారికి సంభాషణ ఒక్కటి లేకపోయినా నాటకం అందినట్టే. ఎన్నిసార్లు తిరిగి వచ్చినా ఏ మార్పూ లేక, మౌనాల్లో బిగువూ లేకపోతే లోపం ప్రేక్షకుడిది కాదు; ప్రయోగం పేరుతో తలాతోకా లేని ప్రదర్శనలూ వస్తుంటాయి, వాటికి విసుగు చెందడంలో తప్పులేదు.

కథ లేకపోతే సామాన్యులకు ఎక్కదన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’లో ఇద్దరు మనుషులు ఎంతకీ రాని ఒకరి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు; 1953లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడు అది ఎందరినో తికమకపెట్టింది. 1957లో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో ఆడినప్పుడు ఖైదీలు దాన్ని శ్రద్ధగా చూశారు. ఎదురుచూపు అంటే ఏమిటో వారికి ఎవరూ వివరించనక్కరలేదు.

నటులు ప్రేక్షకుల మధ్యకు వచ్చి చేతికి ఏదైనా అందిస్తే తీసుకుంటే చాలు, నటించనక్కరలేదు. ఇష్టం లేకపోతే నమస్కారం పెట్టి ఊరుకోవచ్చు. ప్రదర్శన తర్వాత దర్శకులతో చర్చ ఉంటే, దీని భావమేమిటని అడగడం కన్నా మూడోసారి బిందె ఎందుకు లేదని అడగాలి. మొదటి ప్రశ్నకు ఉపన్యాసం వస్తుంది, రెండోదానికి సాధారణంగా జవాబు వస్తుంది.