మలుపులో బండి అవతలి లేన్‌లోకి పోతోందా? ముందు ఇవి చూడండి

సమస్య: మారేడుమిల్లి–చింతూరు ఘాట్ లాంటి చోట ఎడమ మలుపు తిరుగుతుంటే బైక్ మన లేన్‌లో నిలవదు. మధ్య గీత దాటి ఎదురొచ్చే బస్సు దారిలోకి వెళ్లిపోతుంది.

మొదట గాలి చూడండి. ఇది చూడకుండా టైర్లే మార్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, బండి మీద అంటించిన స్టిక్కర్‌లో ఎంత ఉంటే అంత పెట్టించండి. ముందు టైర్లో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కి బండి వంగనంటుంది. వెనక మనిషి కూర్చుంటే ప్రీలోడ్ (వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ బిగువు) కూడా పెంచాలి. లేకపోతే వెనక భాగం కుంగి బండి బయటికే లాగుతుంది.

గాలి సరిగ్గానే ఉందా? అయితే చాలాసార్లు అసలు కారణం మలుపులోకి తొందరపడి తిప్పేయడం. ఇది అంత తేలిగ్గా దొరకదు. ఎందుకంటే తప్పు జరిగేది మలుపు మొదట్లో, బయటపడేది చివర్లో. మలుపు కనబడగానే టెన్షన్‌తో ఎడమ అంచుకు తిప్పేస్తాం. సగం మలుపు మిగిలుండగానే అంచు దగ్గరికి వచ్చేస్తాం, అప్పటికి బండి ముక్కు అవతలి లేన్ వైపు ఉంటుంది. అక్కడ భయపడి ముందు బ్రేక్ పట్టారంటే బండి నిటారుగా లేచి ఇంకా బయటికి పోతుంది.

మీదీ ఇదే సమస్యేమో తేల్చుకోవడం సులువు. మలుపు మధ్యలో రెండోసారి వంచాల్సి వస్తోందంటే ముందే తిప్పేశారన్నమాట.

పరిష్కారం: బండి నిటారుగా ఉండగానే స్పీడ్, గేర్ తగ్గించుకోండి. ఎడమ మలుపైతే మన లేన్‌లోనే కుడివైపుగా, మధ్య గీతకు కాస్త ఎడంగా ఉండండి. మలుపు అవతలి దారి కనబడేదాకా ఆగండి, చేతులు ముందే తిప్పేయాలని చూస్తాయి, అయినా ఆగండి. కనబడ్డాక చూపు అక్కడే పెట్టి ఎడమ హ్యాండిల్‌ను ముందుకు తోయండి, బండి ఎడమకే వంగుతుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్) కొద్దిగా తెరిచి నిలకడగా ఉంచండి. కుడి మలుపులో తొందరపడితే ఇంకా ప్రమాదం. చక్రాలు మన లేన్‌లోనే ఉన్నా తల మాత్రం గీత దాటి బస్సుకు ఎదురుగా ఉంటుంది.

ఇంకాస్త వంచితే సరిపోతుందని అనుకోకండి. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 30 కిలోమీటర్ల స్పీడ్‌కు దాదాపు 20 డిగ్రీలు వంచితే చాలు. 40కి 32 డిగ్రీలు, 50కి దాదాపు 45 కావాలి. చాలా బళ్లకు ఆలోపే ఫుట్‌రెస్ట్ రోడ్డుకు రాసుకుంటుంది. చెట్ల నీడన తడి ఆరని రోడ్డు మీదైతే టైరు అంత పట్టు ఇవ్వదు. స్పీడ్ 10 తగ్గించుకోండి, చాలు.

ఇక మిగిలినవి అరుదు. హైవే మీదే తిరిగి వెనక టైరు మధ్యలో చదునైపోతే మార్చేయండి. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో పట్టేస్తుంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయినట్టే, మెకానిక్‌కు చూపించండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వంగడం గురించి, బండి ఎప్పుడైనా గట్టిగా పడి ఉంటే తప్ప, ఆలోచించక్కర్లేదు.