స్టేజీ దాటేలోపు రాయండి

కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ నా చేతిలో ఎస్.ఆర్. కాగితం ఉండేది. టికెట్ యంత్రాలు రాకముందు, ఏ ధరలో ఏ నంబరు వరకు టికెట్లు తెగాయో స్టేజీ స్టేజీకీ అందులో ఎక్కించాలి. తిరుపతిలో బయలుదేరితే చంద్రగిరి దాటేలోపు రాయాలి, పూతలపట్టు దాటేలోపు మళ్లీ రాయాలి. చిత్తూరు చేరాక తీరిగ్గా రాద్దామనుకున్నవాడు తనిఖీలో దొరికిపోతాడు. పదవీ విరమణ చేసి ఊళ్లు తిరుగుతూ డైరీ మొదలుపెట్టినప్పుడు నాకు చేతనైన పద్ధతి అదొక్కటే. అదే మీకూ చెబుతున్నాను.

రాత్రి గదికి చేరాక రాసుకోమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన రాత్రి మోకాళ్లు తప్ప ఇంకేం గుర్తుంటాయి? మొదటిసారి నేను రాసింది ఇది: ‘దారి చాలా బాగుంది. గాలిగోపురం దగ్గర ఆగాం.’ రెండోసారి ఆగిన చోటల్లా రెండు ముక్కలు గీకాను. ‘ముందున్న పెద్దావిడ మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతోంది. డబ్బా అడుగంటింది. అడక్కముందే కోడలు ఇంకోటి విప్పి అందించింది.’ పదేళ్ల తర్వాత చదివినా ఆ అత్తాకోడళ్లు కళ్లముందు కదులుతారు. కొండపైన గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి దర్శనం సంగతులు బయటికి రాగానే, లడ్డూల వరుసలో నిలబడే రాసేయండి. ఆ వరుసలో మీకు వేరే పనేమీ ఉండదు.

పుస్తకం చొక్కా జేబులో పట్టాలి, కుట్టు బైండింగుది కావాలి. తీగ చుట్టిన పుస్తకం జేబు దారాలను లాగేస్తుంది. జెల్ పెన్ను అసలే వద్దు. తలకోన జలపాతం తుంపరకు నా నాలుగు పేజీలు నీలి మరకలైపోయాయి. ఆ రోజు నుంచి పెన్సిలే.

ఎడమ పేజీలో లెక్కలు రాయండి: బస్సు కదిలిన సమయం, ఛార్జీ, ఇడ్లీ ధర. ఇవి చిల్లర విషయాలు కావు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి మన తిరుపతి మీదుగానే వెళ్లారు. దారి ఎలా ఉంది, ఎక్కడ బస దొరికింది అని ఆయన ఓపిగ్గా రాసుకోబట్టే నాటి ప్రయాణం ఎలా ఉండేదో ఈనాడు మనకు తెలుస్తోంది. టికెట్టును అంటించి ఊరుకోకండి. యంత్రం ఇచ్చే టికెట్టు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. పక్కనే చేత్తో రాసుకోండి. మేము చించి ఇచ్చిన పాత అచ్చు టికెట్లు మాత్రం నా దగ్గర ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. ఆపాటి గర్వం నాకుంది.

కుడి పేజీ చూసినవాటికీ, విన్నవాటికీ. అక్కడ ‘అద్భుతం’, ‘ప్రశాంతం’ అని రాశారో, ఆ పేజీ ఏ ఊరిదైనా ఒకటే. ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివుడి గుడిలో నేను ఆ పొరపాటే చేయబోయాను. పెన్సిలు పట్టుకున్నాక గానీ కళ్లు పని మొదలుపెట్టలేదు. ఐదడుగుల లింగం. దాని ముందువైపు నిలబడిన శివుడు. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి. కాళ్ల కింద నేల లేదు, కూర్చున్న ఒక మరుగుజ్జు భుజాలున్నాయి. బయటికొచ్చి బొమ్మ గీశాను. నా బొమ్మలో పొట్టేలు కుక్కలా వచ్చింది. అయినా ఫర్వాలేదు, గీస్తుంటేనే గొడ్డలి సంగతి గుర్తొచ్చింది. బొమ్మ రాకపోయినా గీయండి.

మనుషుల మాటలను మాత్రం దిద్దకండి. గుడి బయట పూలమ్మే ఆమె ‘మా సామి ఊరికే కూర్చోడు, నిలబడే ఉంటాడు’ అంది. నేను దాన్ని పుస్తకాల భాషలోకి మార్చి ఉంటే ఆమె అందులో ఉండేది కాదు.

చివరి రెండు పేజీలు ఖాళీగా వదలండి. ఒకదానిలో ఏ ఊరు ఏ పేజీలో ఉందో రాసుకోవాలి. రెండోదానిలో దారిలో ఎవరికి ఏ మాట ఇచ్చామో రాసి, తీర్చాక కొట్టేయాలి. నా పుస్తకంలో ‘పూలమ్మకు ఫొటో కడిగించి ఇవ్వాలి’ అన్న వరుస ఇంకా కొట్టేయలేదు. వచ్చే వారం ఏర్పేడు బస్సు ఎక్కాలి.