సెకండ్ హ్యాండ్ లేత్ మిషన్ ఎలా కొనాలి?

ఇంటి గ్యారేజ్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలనుకునేవాళ్లకు పాత లేత్ మిషన్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసేది) మంచి ఎంపికే. జాగ్రత్తగా వాడిన బరువైన పాత మిషన్, అదే డబ్బుకు వచ్చే బుల్లి కొత్త మిషన్ కంటే వణుకు లేకుండా కోస్తుంది. కొనేముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: నట్టు, బేరింగ్, మోటారు ఏది పాడైనా మార్చుకోవచ్చు. అరిగిపోయిన బెడ్‌ను (మిగతా భాగాలు జరిగే కింది పట్టాలను) సరిచేయించడం మాత్రం మిషన్ ధరను మించిపోతుంది. అందుకే కొత్త రంగు చూసి మురిసిపోవద్దు.

1. ముందు కొలతలు తేల్చుకోండి

మీ పనికి ఎంత వ్యాసం తిరగాలి, రెండు సెంటర్ల (కడ్డీని రెండు చివర్లా పట్టే మొనల) మధ్య ఎంత పొడవు కావాలి అన్నది రాసుకోండి. గ్యారేజ్‌లో స్థలం కొలిచేటప్పుడు హెడ్‌స్టాక్ (కడ్డీని తిప్పే వైపు ఉండే పెట్టె) వెనక కొంత ఖాళీ వదలండి. పొడవాటి కడ్డీలు స్పిండిల్ (అందులో తిరిగే బోలు ఇరుసు) లోంచి అటువైపు బయటికి వస్తాయి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చ్, పాత గుడ్డ, స్టాండ్‌తో డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపేది), మైక్రోమీటర్ (మందం కచ్చితంగా కొలిచేది), 25 మి.మీ. కడ్డీ ముక్క ఒకటి తీసుకెళ్లండి.

2. బెడ్ చూడండి, తీరిగ్గా చూడండి

మీ టైమ్‌లో సగం ఇక్కడే పెట్టండి. పనంతా చక్ (కడ్డీని దవడలతో పట్టి తిప్పేది) దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అరిగేది కూడా అక్కడే. గుడ్డతో జిడ్డు తుడిచి, పట్టాల అంచు మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. శాడిల్ (కోసే పనిముట్టును మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) రుద్దుకునే చోటుకీ, అది ఎప్పుడూ చేరని చోటుకీ మధ్య గోరుకు మెట్టులా తగిలితే అరుగుదల ఉన్నట్టే.

తర్వాత శాడిల్‌ను చక్ దగ్గరికి తెచ్చి, దాని లాక్ బోల్టును కాస్త బిగించండి. చక్రం తిప్పితే కొంచెం పట్టినట్టు కదలాలి, అంత చాలు. అలాగే టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురు చివర ఉండే భాగం) వైపు నడపండి. చివరిదాకా ఒకే బిగువు ఉంటే మంచి బెడ్. కొంత దూరం వెళ్లాక బిగుసుకుపోతే, చక్ దగ్గర బెడ్ పలచబడిందని అర్థం. అక్కడి అరుగుదలను దాచిపెట్టే ఉపాయం లేదు కాబట్టి, నాకు అన్నిటికన్నా ఈ పరీక్ష మీదే నమ్మకం.

3. స్పిండిల్, స్క్రూలు, గేర్లు

డయల్ గేజ్ మొనను స్పిండిల్ ముక్కుకే ఆనించండి, చక్‌కు కాదు. చక్‌లో తేడా ఉంటే చక్ మార్చుకోవచ్చు. చేత్తో నెమ్మదిగా తిప్పినప్పుడు ముల్లు 0.01 మి.మీ. లోపు ఆడితే చాలా బాగున్నట్టు. తర్వాత మిషన్ ఆన్ చేసి, అన్ని స్పీడ్‌లలోనూ శబ్దం వినండి. గరగరలాడితే బేరింగ్ ఖర్చు లెక్కలో వేసుకోండి.

క్రాస్ స్లైడ్ (పనిముట్టును కడ్డీకి అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్ కొంత ఖాళీగా తిరగడం చూసి భయపడకండి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వస్తే ఆ ప్లే పనిని పాడుచేయదు, నట్టు మారిస్తే చాలావరకు తగ్గుతుంది కూడా.

గేర్ల మూత తీసి విరిగిన పళ్లు ఉన్నాయేమో చూడండి. మర కోసేందుకు మార్చే గేర్ల సెట్, నాలుగు దవడల చక్, స్టెడీ (పొడవాటి కడ్డీ ఊగకుండా పట్టేది) మిషన్‌తోనే ఇస్తున్నారా అని అడగండి. నా మొదటి లేత్‌కు గేర్ల సెట్ లేదు. విడిగా వెతుక్కోవడానికి నెలలు పట్టింది.

4. కోసి చూడండి

కడ్డీని చక్ నుంచి 100 మి.మీ. బయటికి ఉంచి, పలచగా ఒక కట్ వేసి, రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా 0.02 మి.మీ. వరకు ఉంటే కంగారు అక్కర్లేదు. ఎక్కువ వచ్చినా వెంటనే కాదనకండి, మిషన్ సమంగా కూర్చోకపోయినా అలా వస్తుంది. బెడ్ పరీక్షలో కూడా అదే అనుమానం వస్తే మాత్రం వదిలేయండి.

5. కరెంటు

పాత మిషన్లకు ఎక్కువగా త్రీ ఫేజ్ మోటార్లే ఉంటాయి. ఇంట్లో 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఉండి, మోటారు ప్లేటు మీద 230/400 అని రాసి ఉంటే, డెల్టా కనెక్షన్ (మోటారు వైర్లను తక్కువ వోల్టేజికి కలిపే పద్ధతి) ఇచ్చి వీఎఫ్‌డీతో (సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ ఇచ్చే పరికరంతో) నడపొచ్చు. 400 మాత్రమే ఉంటే సింగిల్ ఫేజ్ మోటారు వేసుకోవడం తేలిక. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య పాత స్విచ్ ఉంచకండి, మిషన్ నడుస్తుండగా దాన్ని ఆపితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

6. ఇంటికి తేవడం

లేత్‌కు బరువంతా పైన, హెడ్‌స్టాక్ వైపు ఉంటుంది. పక్కకు ఒరిగిందంటే మనుషులు ఆపలేరు, ఆపాలని చూడకూడదు. చక్ తీసేసి, శాడిల్‌ను, టెయిల్‌స్టాక్‌ను హెడ్‌స్టాక్‌కు ఎదురు చివరికి జరిపి బిగించండి. కాళ్లకంటే వెడల్పైన దుంగలకు మిషన్‌ను బోల్టులతో బిగించి, కింద పైపు ముక్కలు వేసి గునపంతో దొర్లించండి. ఎత్తాల్సిన చోట చైన్ బ్లాక్ వాడండి.

గ్యారేజ్‌లో దించాక బెడ్ మీద అడ్డంగా రసమట్టం పెట్టి, రెండు చివర్లా ఒకే రీడింగ్ వచ్చేదాకా కాళ్ల కింద రేకులు సర్దండి. మామూలు మేస్త్రీ రసమట్టం ఇక్కడ పనికిరాదు, మీటరుకు 0.02 మి.మీ. తేడా చూపించేది అద్దెకో అరువుకో తెచ్చుకోండి. రెండు వారాలు వాడాక మళ్లీ ఒకసారి చూడండి, ఈలోపు మిషన్ కొద్దిగా సర్దుకుంటుంది.